పెట్టె మీది వేగం వేరు, జింకను తాకే వేగం వేరు

నవంబరు వచ్చిందంటే అమెరికా పల్లెటూళ్లలో వేట సామాన్ల కొట్లు కళకళలాడతాయి. అరల నిండా తూటాల పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఇరవై. పెట్టెను వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది: తుపాకీ గొట్టం దాటేటప్పుడు బుల్లెట్ వేగం ఎంత, 100 గజాల దగ్గర ఎంత, 200 దగ్గర ఎంత, 300 దగ్గర ఎంత. కొనేవాళ్లలో చాలామంది చూపు మొదటి గడి మీదే ఆగుతుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే తూటా అంత గట్టిదని లెక్క. తెల్లతోక జింక వేటలో మాత్రం అసలు కథ తర్వాతి గళ్లలో ఉంటుంది. ఆ పట్టికలో ఎక్కడా కనిపించని ఇంకో విషయంలో, అంటే బుల్లెట్‌ను లోపల ఎలా కట్టారన్న దానిలో, ఇంకా ఎక్కువ ఉంటుంది.

ముందు మాటలు సరిచూసుకోవాలి. మన పత్రికలు తూటా, బుల్లెట్ రెంటినీ ఒకే అర్థంలో వాడేస్తాయి. ఇక్కడ తూటా అంటే మొత్తం సరుకు: ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున ఆ మందును రాజేసే ప్రైమర్, మూతికి బిగించిన గుండు. బుల్లెట్ అంటే ఆ గుండు ఒక్కటే, గాలిలో వెళ్లి తగిలేది. దాని బరువును అమెరికాలో ఇప్పటికీ గ్రెయిన్లలోనే చెబుతారు. పౌనుకు 7000 గ్రెయిన్లు. మనకూ ఇది మరీ పరాయి కొలత కాదు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఖాయమైన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. అంటే .30-06 రైఫిల్లో వేసే 180 గ్రెయిన్ల బుల్లెట్ పాత లెక్కన నిండు తులం తూగుతుంది. జింకలకు ఎక్కువగా వాడే 150 గ్రెయిన్లది 9.7 గ్రాములు, ఇప్పటి పది గ్రాముల తులానికి రవ్వంత తక్కువ.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింకను కొట్టడం జైలుకు పంపే నేరం. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వన్యప్రాణి శాఖ సీజన్ తేదీలు, లైసెన్సులు, ఒక్కొక్కరు ఎన్ని కొట్టవచ్చన్నది ఖరారు చేస్తుంది. ఎలాంటి బుల్లెట్ వాడాలో కూడా చాలా రాష్ట్రాల్లో నిబంధన రాసి ఉంటుంది. ఆ నిబంధన ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే, తగిలిన తర్వాత ఏం జరుగుతుందో చూడాలి.

జింక పడేది దేనివల్ల?

తుపాకీ దెబ్బకు జంతువు ఎగిరి వెనక్కి పడటం తెర మీద జరిగేదే. పది గ్రాములు కూడా లేని బుల్లెట్ మోసుకెళ్లే తోపు, కాల్చిన మనిషి భుజానికి తగిలిన తన్ను కంటే ఎక్కువ ఉండదు. న్యూటన్ చెప్పిన చర్యాప్రతిచర్యల లెక్కే ఇది. భుజం నిలదొక్కుకుంటే జింకా నిలదొక్కుకుంటుంది.

మరి ఎలా చనిపోతుంది? మెదడుకో వెన్నుపాముకో తగిలితే అక్కడికక్కడే కూలిపోతుంది. కానీ అవి చిన్న గురులు, జింక తల ఊరికే కదులుతూ ఉంటుంది. అందుకే అనుభవం ఉన్న వేటగాళ్లు గురిపెట్టేది ఛాతీకి, ముందుకాలు పైభాగం వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటికి. పక్కనుంచి చూస్తే అది దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు, ఓ మోస్తరు చపాతీ అంత. అక్కడ తగిలితే రక్తం లోపలే కారిపోయి, రక్తపోటు పడిపోయి, మెదడుకు ఆక్సిజన్ అందడం ఆగుతుంది. గుండె పూర్తిగా ఛిద్రమైనా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో జంతువు పది సెకన్ల దాకా పరుగెత్తగలదు. గంటకు 30 మైళ్ల వేగంతో పరుగెత్తే జింక ఏడు సెకన్లలో 100 గజాలు దాటేస్తుంది. గురి తప్పిందేమో అని కంగారుపడే కొత్తవాళ్లలో చాలామంది నిజానికి సరిగ్గానే కొట్టి ఉంటారు.

బాణాన్ని ఇక్కడ పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. ఆధునిక కాంపౌండ్ విల్లు నుంచి 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్తుంది. దాని గతిశక్తి 70 ఫుట్-పౌండ్లు, అంటే 95 జౌళ్ల లోపు. అదే 150 గ్రెయిన్ల .308 వించెస్టర్ బుల్లెట్ గొట్టం దాటేటప్పుడు సెకనుకు 2820 అడుగులు, 2650 ఫుట్-పౌండ్లు, దాదాపు 3600 జౌళ్లు. ముప్పై ఎనిమిది రెట్లు! అయినా ఆ బాణం జింక ఛాతీలోంచి దూరి అవతలికి వస్తుంది, జింక వంద గజాలు పోకముందే పడిపోతుంది. బాణం ముందు రెండో మూడో బ్లేడ్లుంటాయి, అవి రక్తనాళాలను కోసుకుంటూ పోతాయి. శక్తి పట్టికలో అంకె ఎంత పెద్దగా కనిపించినా, జంతువుకు తెలిసేది లోపల ఎంత తెగింది అన్నదే.

బుల్లెట్‌కు బ్లేడు లేదు. దాని వ్యాసం అంగుళంలో మూడోవంతు కూడా ఉండదు. రంధ్రం వెడల్పు కావాలంటే అది లోపలికి వెళ్తూ తన ఆకారం మార్చుకోవాలి. ముందుభాగం నలిగి, విచ్చుకుని, పుట్టగొడుగులా అవ్వాలి. ఆ మార్పు తెచ్చేది వేగం. ఆ మార్పుకు హద్దు గీసేది నిర్మాణం. వేగాన్నీ నిర్మాణాన్నీ విడదీసి ఏది గొప్పదని వాదించుకోవడంలో అమెరికా వేటగాళ్లు వందేళ్లు గడిపారు. ఒక వర్గానికి పెద్దదిక్కు జాక్ ఓకానర్, 1925లో వచ్చిన .270 వించెస్టర్‌నూ దాని 130 గ్రెయిన్ల వేగవంతమైన బుల్లెట్‌నూ జీవితాంతం వెనకేసుకొచ్చినవాడు. అవతలివైపు ఎల్మర్ కీత్, బరువైన పెద్ద బుల్లెట్ నెమ్మదిగా పోయినా చాలన్నవాడు. ఇద్దరూ పుట్టెడు జంతువులను కొట్టినవాళ్లే. ఎవరి అనుభవం వాళ్లకు నిజం, ఎందుకంటే ఇద్దరూ తమ తమ వేగానికి తగ్గ బుల్లెట్ వాడారు.

వేగం కణజాలంలో చేసే పని

బుల్లెట్ మాంసంలోంచి వెళ్లేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఒకటి, దారిలో ఉన్నదాన్ని నలిపి శాశ్వతమైన రంధ్రం చేస్తుంది. రెండోది, పక్కనున్న కణజాలాన్ని బయటికి తోసేస్తుంది. చెరువులో రాయి వేస్తే నీళ్లు పక్కకు తప్పుకుని మళ్లీ కలుసుకున్నట్టు, ఆ కణజాలం క్షణంలో సాగి వెనక్కి వస్తుంది. దీన్ని తాత్కాలిక కుహరం అంటారు. అమెరికా సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన మార్టిన్ ఫ్యాక్లర్ 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని లెటర్‌మన్ సైనిక పరిశోధన సంస్థలో జిలాటిన్ దిమ్మెల్లోకి కాల్చి ఈ రెంటినీ కొలిచాడు. పదిశాతం జిలాటిన్, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఇప్పటికీ తయారీదారుల ప్రకటనల్లో కనిపించే పారదర్శకమైన దిమ్మెలకు మూలం అలాంటి పరీక్షలే.

సాగి వెనక్కి వచ్చేదాని వల్ల నష్టం ఎంత అన్నది అవయవాన్ని బట్టి ఉంటుంది. మాంసం కొట్లో మేక కార్జాన్నీ ఊపిరితిత్తులనూ చేత్తో పట్టుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కార్జాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే చిట్లిపోతుంది. ఊపిరితిత్తి స్పాంజిలా నొక్కుకుని మళ్లీ లేస్తుంది. సాగే అవయవానికి తాత్కాలిక కుహరం అంత ప్రమాదం కాదు, చిట్లేదానికి ప్రమాదమే. పైగా పిస్టల్ వేగాల్లో ఈ సాగుడు చాలా తక్కువ. సెకనుకు 2000 అడుగులు దాటాక, అందులోనూ బుల్లెట్ ముక్కలైతే, దాని పని మారిపోతుంది. ముక్కలు వేసిన చిన్న చిన్న రంధ్రాల మధ్య కణజాలం సాగినప్పుడు కాగితం చిల్లుల వెంట చిరిగినట్టు చిరుగుతుంది. వేగమైన రైఫిల్ దెబ్బ తగిలిన జింక ఊపిరితిత్తులు కొన్నిసార్లు ముద్దలా అయిపోయి కనిపించడానికి కారణం ఇదే. దూరంగా ఉన్న మెదడుకు ‘షాక్’ పాకి జంతువు పడిపోతుందన్న వాదన కూడా ఉంది గానీ, దాన్ని నమ్ముకుని గురి ఎక్కడ పెట్టినా ఫరవాలేదనుకోవడం ప్రమాదం.

డమ్‌డమ్ నుంచి వచ్చిన పాఠం

పొగ చిమ్మే నల్ల తుపాకీమందు రోజుల్లో ఈ చర్చే లేదు. .45-70 రైఫిల్ 405 గ్రెయిన్ల మెత్తటి సీసపు గుండును సెకనుకు 1300 అడుగుల పైచిలుకు వేగంతో పంపేది. గుండు మొదటే దాదాపు అర అంగుళం వెడల్పు, విచ్చుకోకపోయినా నడిచేది. 1886లో ఫ్రాన్స్ లెబెల్ రైఫిల్‌తో పొగరాని మందు తెచ్చింది. వేగం ఒక్కసారిగా 2000 అడుగులు దాటింది. ఆ వేగంలో గొట్టం లోపలి గాడులు మెత్తటి సీసాన్ని గీరేస్తాయి, కాబట్టి గుండుకు రాగి మిశ్రమపు తొడుగు వేశారు. వ్యాసం తగ్గించారు. గుండు సన్నబడింది, గట్టిపడింది, సూదిలా దూరిపోవడం మొదలుపెట్టింది.

దీని మీద మొదటి ఫిర్యాదు మన ఉపఖండంలోనే పుట్టింది. వాయవ్య సరిహద్దుల్లో .303 బుల్లెట్ తగిలినా శత్రువు ఆగడం లేదని బ్రిటిష్ సైన్యం గోలపెట్టింది. మన పోలీసులు మొన్నమొన్నటిదాకా మోసిన త్రీ-నాట్-త్రీ ఇదే. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల చివర్లో కెప్టెన్ బెర్టీ-క్లే ఆ బుల్లెట్ ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటపెట్టాడు. ఇప్పుడు కోల్‌కతా విమానాశ్రయం ఉన్న ఊరు పేరు ప్రపంచంలో విచ్చుకునే బుల్లెట్లన్నిటికీ మారుపేరైపోయింది. యుద్ధంలో వాటిని 1899 హేగ్ ప్రకటన నిషేధించింది. వేటలో కథ తలకిందులైంది. మనిషి మీద వాడకూడదన్నదాన్నే జంతువు మీద తప్పకుండా వాడాలని చట్టాలు చెబుతాయి. సైనికులు వాడే, ముక్కు కూడా తొడుగుతో మూసిన ఫుల్ మెటల్ జాకెట్ బుల్లెట్‌తో జింకను కొట్టడం అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నేరం. కొలరాడోలో జింకకు కనీసం .24 అంగుళం వ్యాసం, 70 గ్రెయిన్ల బరువు, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి, పైగా విచ్చుకునే బుల్లెట్ తప్పనిసరి. సన్నటి రంధ్రంతో తప్పించుకుపోయిన జింక రోజుల తరబడి బాధపడి ఎక్కడో పొదల్లో చస్తుంది, ఎవరికీ దొరకదు. ఆ నిబంధన వెనకున్న ఆలోచన అదే.

ఒకే వ్యాసం, నాలుగు వేగాలు

నిర్మాణం వేగానికి ఎలా కట్టుబడి ఉందో చూడాలంటే 0.308 అంగుళాల బుల్లెట్‌ను తీసుకోవాలి. 1895లో వచ్చిన .30-30, 1906 నాటి .30-06, 1952 నాటి .308, 1963 నాటి .300 వించెస్టర్ మాగ్నమ్, నాలుగూ ఇదే వ్యాసం గుండును పంపుతాయి. బరువు 150 గ్రెయిన్లే అనుకుందాం. .30-30లో అది 2390 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, .308లో 2820, .30-06లో 2900 పైన, .300 మాగ్నమ్‌లో 3300కు దగ్గర. మొదటిదానికీ చివరిదానికీ వేగంలో తేడా మూడోవంతు కంటే కాస్త ఎక్కువే, కానీ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు.

.30-30 కోసం చేసిన బుల్లెట్ పల్చటి తొడుగుతో, బాగా బయటపడ్డ సీసంతో ఉంటుంది. ఆ రైఫిల్లో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కు గుచ్చుకోకూడదు, కాబట్టి ముక్కు బల్లపరుపు. అడవిలో 100 గజాల దగ్గర దాని వేగం 2000 అడుగులకు కాస్త కిందికి వచ్చేసి ఉంటుంది. అక్కడ చక్కగా విచ్చుకునేలా దాన్ని మెత్తగా చేశారు. అదే గుండును మాగ్నమ్ వేగంతో ముప్పై గజాల్లో జింక భుజం ఎముకకు కొడితే ఏమవుతుంది? గోడకేసి కొట్టిన పచ్చి మట్టిముద్దలా పగిలి, పైపైన భయంకరమైన గాయం చేసి, ఛాతీలోకి చేరకుండానే ఆగిపోవచ్చు. తారుమారు చేసి చూడండి. మాగ్నమ్ కోసం మందపాటి తొడుగుతో చేసిన గట్టి బుల్లెట్‌ను .30-30 వేగంతో 150 గజాల్లో కొడితే అది విచ్చుకోకుండా ఫుల్ మెటల్ జాకెట్‌లా దూరిపోతుంది. రెండు చోట్లా వ్యాసం, బరువు సరిగ్గానే ఉన్నాయి. జత కుదరలేదు.

ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే మామూలు సాఫ్ట్ పాయింట్ బుల్లెట్లు చాలావరకు సెకనుకు 1800 అడుగులకు పైన ఉంటేనే నమ్మకంగా విచ్చుకుంటాయి. దూరాల్లో వాడేందుకు చేసినవి కొన్ని 1600 దగ్గర కూడా తెరుచుకుంటాయని తయారీదారులు చెబుతారు. రాగితోనే చేసినవాటికి 1800 నుంచి 2000 దాకా కావాలి. పైవైపు కూడా ఒక గీత ఉంటుంది, అది దాటితే ముక్కలవుతుంది. ప్రతి బుల్లెట్‌కూ ఈ రెండు గీతల మధ్య ఒక కిటికీ ఉందనుకుంటే, జింక ఎంత దూరంలో ఉన్నా తాకే వేగం ఆ కిటికీలో పడాలి. 1935లో .220 స్విఫ్ట్ అనే తూటా 48 గ్రెయిన్ల బుల్లెట్‌ను 4000 అడుగుల పైన పంపి సంచలనం చేసింది. అది చిన్న జంతువుల కోసం చేసిన పల్చటి గుండు. అప్పట్లో కొందరు ఆ వేగం చూసి మురిసిపోయి జింకల మీద వాడారు. కొన్ని పిడుగు పడ్డట్టు కూలిపోయాయి, కొన్నిటికి చర్మం మీద గుంట పడి మిగిలింది. తెగడం బట్టి కాక అదృష్టం బట్టి పనిచేసే సరుకును వేటలో నమ్మరు.

నోస్లర్ మూస్

ఈ పాఠం ఒకాయనకు 1946లో బ్రిటిష్ కొలంబియా అడవిలో తగిలింది. ఆరెగాన్‌కు చెందిన జాన్ నోస్లర్ .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌తో మూస్‌ను కొట్టాడు. మూస్ అంటే జింక జాతిలో అతిపెద్దది, ఇది ఎండిన బురద పట్టించుకుని ఉంది. దగ్గర్లోంచి, అంత వేగంతో తగిలిన మామూలు బుల్లెట్లు ఆ బురదకూ భుజానికీ పగిలిపోయాయి. లోపలికి వెళ్లలేదు. జంతువును పడేసేదాకా ఆయన కాలుస్తూనే ఉండాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి ఆయన చేసిన బుల్లెట్‌ను నిలువుగా కోసి చూస్తే ఆలోచన ఎంత సాదాసీదాగా ఉందో తెలుస్తుంది. రాగి మిశ్రమపు తొడుగు మధ్యలో అడ్డగోడ. గోడకు ముందు ఒక సీసం ముద్ద, వెనక ఇంకొకటి. ముందుది మెత్తగా విచ్చుకుని, ఎక్కువ వేగంలో ముక్కలైపోయినా సరే, గోడ దగ్గర ఆగుతుంది. వెనక సగం ఆకారం చెడకుండా లోతుగా దూసుకుపోతుంది. 1948 నుంచి ‘పార్టిషన్’ పేరుతో అమ్మారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. పై గీతను దాటినా నష్టం లేకుండా చేసిన తెలివి అది. అందరూ పగలకుండా ఆపాలని చూస్తుంటే, నోస్లర్ ముందు సగాన్ని పగలనిచ్చి వెనక సగాన్ని కాపాడాడు.

తర్వాతివి దీని మీద తలా ఒక దారి. కొందరు సీసాన్ని తొడుగుకు అతికించేశారు, అవి బాండెడ్ బుల్లెట్లు. 1984లో వచ్చిన బాలిస్టిక్ టిప్ ముక్కుకు ప్లాస్టిక్ మొన పెట్టింది. తగిలినప్పుడు ఆ మొన మేకులా వెనక్కి దిగి గుండును తెరుస్తుంది, గాలిలో వేగం కూడా తక్కువ కోల్పోతుంది. 1980ల చివర్లో బార్న్స్ కంపెనీ సీసమే తీసేసి మొత్తం రాగితో చేసింది. ముక్కులో గుంట, తగిలితే నాలుగు రేకులుగా విడుతుంది.

చర్మం ఒలిచేటప్పుడు అవతలి వైపు చర్మం కింద ఆగిపోయిన బుల్లెట్ అప్పుడప్పుడు దొరుకుతుంది. చర్మం రబ్బరులా సాగుతుంది కాబట్టి ఛాతీ అంతా దాటిన గుండు కూడా అక్కడ చిక్కుకుంటుంది. కత్తిమొనతో గీస్తే బొటనవేలి గోరంత వెడల్పున, అంచులు వెనక్కి మడిచిన పువ్వులా బయటపడుతుంది. అడుగున మాత్రం గొట్టం గాడుల గీతలు సన్నగా, ఏటవాలుగా చెక్కుచెదరకుండా ఉంటాయి. వేటగాళ్లు దాన్ని కడిగి తూకం వేసి మురిసిపోతారు. ఎంత బరువు మిగిలితే అంత మంచిదని ప్రకటనలు నేర్పాయి. మూస్ లాంటి పెద్ద జంతువుకు అది అవసరం కావచ్చు గానీ, అడుగు మందం ఛాతీ ఉన్న తెల్లతోక జింకకు సగం బరువు పోగొట్టుకున్న బుల్లెట్ కూడా పని పూర్తిచేసే ఉంటుంది. లేకపోతే అది తూకానికి వచ్చేదే కాదు.

దూరం చేసే మాయ

.308 పట్టికలోకి మళ్లీ వెళ్దాం. మామూలు 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ 2820తో బయల్దేరి 300 గజాల దగ్గరికి వచ్చేసరికి 2000 అడుగులకు దిగుతుంది. వేగం మూడోవంతు కూడా తగ్గలేదు, శక్తి మాత్రం సగానికి పడిపోయింది. అయినా 1800 గీతకు పైనే ఉంది కాబట్టి పనిచేస్తుంది. ఇంకో వంద గజాలు పోతే గీతకు కిందికి దిగుతుంది. అప్పుడు పెట్టె మీద పెద్ద అంకె ఉన్నా ప్రయోజనం లేదు. మాగ్నమ్ కొన్నవాళ్లకు నిజంగా దక్కేది ఇక్కడే, కిటికీ ఇంకాస్త దూరం దాకా తెరిచి ఉంటుంది. దాంతోపాటు దారి తిన్నగా ఉంటుంది. దూరం పదీ ఇరవై గజాలు తప్పు అంచనా వేసినా గురి చపాతీ దాటదు. లేజర్‌తో దూరం కొలిచే పరికరాలు చవకయ్యాక ఈ రెండో లాభం విలువ కొంత తగ్గింది. మొదటిది తగ్గలేదు.

అయితే తెల్లతోక జింకలను ఎక్కువగా కొట్టేది చెట్ల మధ్య, వంద గజాల లోపు. అక్కడ మాగ్నమ్ తెచ్చే సమస్య పై గీతది. ఒహాయో లాంటి రాష్ట్రాల్లో జనసాంద్రత వల్ల మామూలు రైఫిళ్లనే జింకలకు అనుమతించరు. షాట్‌గన్‌లో వేసే ఔన్సు బరువు సీసపు స్లగ్ దశాబ్దాలుగా అక్కడ పని చేస్తోంది. సెకనుకు 1600 అడుగులు, అంగుళంలో ముప్పాతిక వెడల్పు. విచ్చుకోవాల్సిన పనే అంతగా లేదు, మొదటే విచ్చుకుని పుట్టింది.

దక్షిణ కరోలినా వన్యప్రాణి శాఖ ఒక వేట క్లబ్బులో కొట్టిన దాదాపు 500 జింకల వివరాలు రాసి చూసింది. ఏ తూటా, ఎక్కడ తగిలింది, ఎంత దూరం పరుగెత్తింది. తూటా వ్యాసాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా వచ్చింది తగిలిన చోటును బట్టి. భుజానికి తగిలినవి దాదాపు ఉన్నచోటే పడిపోయాయి, ఊపిరితిత్తులకు తగిలినవి సగటున యాభై గజాల దాకా వెళ్లాయి. రెండో తేడా నిర్మాణంలో కనిపించింది. త్వరగా విచ్చుకునే మెత్తటి బుల్లెట్ తగిలిన జింకలు, గట్టి బుల్లెట్ తగిలినవాటి కంటే తక్కువ దూరం పోయాయి. ప్రీమియం పేరుతో రెట్టింపు ధరకు అమ్మే గట్టి బుల్లెట్లు చాలావరకు ఎల్క్, మూస్ లాంటి పెద్ద జంతువుల కోసం పుట్టినవి. సన్నటి జింకలో వాటికి తెరుచుకునే తీరిక దొరకదు.

మాంసం, సీసం, రాగి

మెత్తటి బుల్లెట్, ఎక్కువ వేగం కలిస్తే వచ్చే ఖర్చు వంటింట్లో తెలుస్తుంది. భుజం చుట్టూ మాంసంలో రక్తం గడ్డకట్టి జెల్లీలా అవుతుంది, ఒక్కోసారి ముందుకాలు రెండూ పారేయాల్సిందే. కనిపించని ఖర్చు సీసం. 2008లో ఉత్తర డకోటాలో పేదలకు దానంగా వచ్చిన జింక ఖీమాను స్కాన్ చేస్తే సీసపు రవ్వలు బయటపడ్డాయి. ఆ ప్యాకెట్లను పంచవద్దని రాష్ట్ర ఆరోగ్య శాఖ అన్నదాన కేంద్రాలకు చెప్పింది. అదే ఏడు మిన్నెసోటా వన్యప్రాణి శాఖ గొర్రెల కళేబరాల మీద కాల్చి చూసి, రవ్వలు గాయానికి చాలా దూరం చెదురుతాయని, త్వరగా విచ్చుకునే బుల్లెట్లు అందులో ముందుంటాయని, రాగివి దాదాపు ఏమీ వదలవని తేల్చింది. కాలిఫోర్నియాలో వేటగాళ్లు వదిలేసిన పేగులు తిని కాండర్ రాబందులు సీసం విషంతో చస్తుండటంతో, 2019 జులై 1 నుంచి వేటలో సీసం బుల్లెట్లు పూర్తిగా ఆగిపోయాయి.

రాగికి మారితే లెక్కలన్నీ మారతాయి. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవవుతుంది, తూటాలో మందుకు చోటు తగ్గుతుంది. పైగా రాగి గట్టిది, విచ్చుకోవడానికి ఎక్కువ వేగం అడుగుతుంది. అందుకే రాగికి మారినవాళ్లు బరువు కాస్త తగ్గించి వేగం పెంచుకుంటారు. 150 వాడేచోట 130 చాలు, ముక్కలు రాలవు కాబట్టి లోతుకు లోటు రాదు. ఓకానర్ అనుచరులకు ఇది ఆలస్యంగా దక్కిన గెలుపులా ఉంటుంది. స్కాట్లండ్ చట్టం పెద్ద జింకలకు కనీసం 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలనేది. అది సీసం కాలపు అంకె. 2023లో దాన్ని 80కి తగ్గించారు, సీసం లేని బుల్లెట్లకు దారివ్వడానికే.

టెక్సస్ హిల్ కంట్రీలో ఈ లెక్కలన్నీ ఒకే పొలంలో కలుస్తాయి. అక్కడి తెల్లతోక జింకలు ఉత్తరాది వాటితో పోలిస్తే బక్కవి, .243లో 100 గ్రెయిన్ల మెత్తటి బుల్లెట్‌కు హాయిగా పడతాయి. అదే కంచె లోపల 1932లో మన దేశపు చుక్కల దుప్పిని తెచ్చి వదిలారు, ఇప్పుడది వేల సంఖ్యలో అడవి పట్టింది. తెలంగాణ రాష్ట్ర జంతువు అక్కడ పరదేశి పశువు లెక్క. రాష్ట్రం దానికి సీజన్ పెట్టలేదు, భూమి యజమాని ఒప్పుకుంటే లైసెన్సు ఉన్నవాళ్లు ఏడాది పొడవునా కొట్టవచ్చు. మగ దుప్పి స్థానిక జింక కంటే బరువు, భుజం దళసరి. మొక్కజొన్న రాల్చే ఫీడర్ దగ్గర కూర్చున్నవాడికి ఏది ముందు వస్తుందో తెలియదు, దూరం మాత్రం ఎప్పుడూ వంద గజాల లోపే. కాబట్టి చాలామంది .308లో 150 గ్రెయిన్ల బాండెడ్ బుల్లెట్ వేసుకుని కూర్చుంటారు, రెండింటి కిటికీలూ ఆ దూరంలో కలిసే ఉంటాయి.